అక్కగారి అలవెన్సు

ఇప్పటి కుర్రవాళ్ళని జీతమెంత అని అడిగితే ఏడాది మొత్తం చెప్తారు. అందులో చేతికొచ్చేదెంత అని అడిగితే మొహం చిట్లించి ఫోన్ తీసి చూసుకుంటారు. మా వీధిలో అలాంటివాళ్ళు నలుగురైదుగురున్నారు. మార్చి నెల వచ్చిందంటే “అంకుల్, మీరు అకౌంట్స్‌లో చేశారటగా, కొంచెం టాక్స్ చూస్తారా” అంటూ వస్తారు. నేను రిటైరై చాలా కాలమైందనీ, నాకు తెలిసిన రూల్స్ ఏవీ ఇప్పుడు చెల్లవనీ చెప్తే వినరు. కాఫీ తాగుతూ ఇంగ్లండులో అయితే ఎంత కోస్తారు, కెనడాలో అయితే ఎంత మిగులుతుంది అని కూడా నన్నే అడుగుతారు. ఇంగ్లండు జీతం లెక్క వేసిన అనుభవం నాకు లేకపోలేదు. జీవితంలో ఒక్కసారి వేశాం. అదీ తప్పు వేశాం.

అరవయ్యో దశకం చివరి రోజులు. క్యాంపస్‌లో ఇంకా ప్రత్యేక రాష్ట్రం గొడవలు మొదలు కాలేదు. నేను యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుని. ముషీరాబాద్‌లో ఒక కిరాణా కొట్టు పైన గది తీసుకుని ఉండేవాణ్ణి. పెళ్ళి కాలేదు. రోజూ సైకిల్ మీద ఆఫీసుకి. మా పని జీతాల బిల్లులు తయారుచేయడం. ఒకటో తారీఖు దగ్గర పడుతుంటే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా మమ్మల్ని పేరు పెట్టి పలకరించేవారు. జీతం చేతిలో పడ్డాక వరండాలో ఎదురైనా గుర్తుపట్టేవారు కాదు. మేమూ ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

మా సూపరింటెండెంటుగారు కోస్తా నుంచి వచ్చి లాలాపేట్‌లో స్థిరపడిన మనిషి. ఆదివారం చర్చిలో బ్రహ్మాండంగా పాడేవారు, మిగతా రోజుల్లో సెక్షన్‌లో సణిగేవారు. ఆయనకి అంకెలంటే ప్రాణం. అణాలు, అణాకి పన్నెండు చొప్పున పైలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు దేశమంతా సంతోషిస్తే ఆయన మాత్రం దిగులుపడ్డారట. “పదితో ఎవడైనా భాగిస్తాడయ్యా. పన్నెండుతో భాగించేవాడే అకౌంటెంటు” అనేవారు. ఆయన కింద పని నేర్చుకున్నందుకు నేను ఇప్పటికీ గర్వపడతాను. ఆయన వేసిన కూడికలో తప్పు దొరికిందంటే ఆ రోజు ఆడిటర్‌కి ఒంట్లో బాగోలేదని అర్థం.

ఇక మా సెక్షన్‌లో అలవెన్సు అనే మాటకి ఉన్న గౌరవం ఇంకే మాటకీ లేదు. అసలు జీతం ఎంతో ఎవరూ అడిగేవారు కాదు. అది ఎటూ పెరగదు. కరువు భత్యం ఎంత, ఇంటద్దె భత్యం ఎంత, కొత్తగా ఏమైనా కలిపారా, ఇదే మాట్లాడుకునేవాళ్ళం. మా అటెండర్‌కి సైకిల్ అలవెన్సు, యూనిఫాం ఉతుక్కోవడానికి వాషింగ్ అలవెన్సు రెండూ ఉండేవి. సైకిల్ వాళ్ళ బావమరిది తొక్కేవాడు, యూనిఫాం ఎప్పుడు ఉతికాడో ఎవరికీ తెలియదు. అయినా ఆ రెండూ అతని బిల్లులో ఠంచనుగా కలిసేవి. అలవెన్సు అంటే జీతానికి కలిసేది. ఇది మాకు ఊపిరి పీల్చడమంత మామూలు విషయం.

అలాంటి సెక్షన్‌లోకి ఒకరోజు మధ్యాహ్నం, ప్రొఫెసరుకి ఒక మెట్టు కింద ఉండే కెమిస్ట్రీ రీడరుగారు వచ్చారు. నల్లగొండ వైపు రైతు కుటుంబం, నెమ్మదైన మనిషి, తార్నాకలో అద్దె ఇల్లు. ఇంగ్లండులో రంగులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ ఆయన్ని మూడేళ్ళకి రమ్మని పిలిచింది. యూనివర్సిటీ జీతం లేని సెలవిచ్చింది. ఆ కాగితాల పని అయ్యాక కూడా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“సార్, ఒక్క మాట” అన్నారు సూపరింటెండెంటుగారితో. “జీతం చూస్తే మస్తుగున్నది. కానీ గాడ టాక్స్ చాన ఎక్కువంటున్నరు. జీతం పెరిగినకొద్ది సర్‌టాక్స్ అని ఇంకోటున్నదట. చేతికేమొస్తదో తెల్వక పరేషాన్ అయితున్న. కంపెనీ ఈ పుస్తకం పంపింది. జర చూస్తరా?”

“చూడకేమండీ” అని సూపరింటెండెంటుగారు ఆ సన్నటి పుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నారు.

“ఇంకోటి” అన్నారు రీడరుగారు. “నాకు, నా భార్యకు, ఇద్దరు పిల్లలకు టికెట్లు కంపెనీ పెట్టుకుంటది. మా అక్క మాత్రం కంపెనీ లెక్కల ఫ్యామిలీ కాదట. రానీకి పర్మిషన్ అయితే దొరికింది. టికెట్, ఖర్చు నేనే పెట్టుకోవాలె. తార్నాకల ఒక ప్లాట్ చూసిన. మూడేండ్లల్ల దానికి పైసలు కట్టాల్నని ఆశ. ప్లాట్ కొనుకుంట అక్కను కూడ తీస్కపోగల్గుతనా? గదొక్కటి చెప్పుండ్రి.”

ఆ అక్క సంగతి క్యాంపస్‌లో చాలామందికి తెలుసు. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. తల్లి పోయాక ఈ తమ్ముణ్ణి పెంచింది. తమ్ముడికి ఉద్యోగం వచ్చాక అతని ఇంటికి వచ్చి, పిల్లల్నీ పెంచింది. ఆమెని తీసుకెళ్ళకపోతే ఊళ్ళో మరిది కొడుకు దగ్గర ఉంచాలి. అక్కడ తిండి దొరుకుతుంది గానీ పలకరింపు దొరకదు. ఇది రీడరుగారే చెప్పారు, కిటికీ వైపు చూస్తూ.

సరే, మేం లెక్కకి కూర్చున్నాం. ముందు పన్నెండుతో భాగించి నెల జీతం తీశాం. ఆ అంకె చూసి మా అటెండర్ టీ గ్లాసు కింద పెట్టడం మర్చిపోయాడు. తర్వాత పన్ను. పౌనుకి ఎనిమిది షిల్లింగుల పైచిలుకు కోత. పౌనుకి ఇరవై షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. సూపరింటెండెంటుగారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. “చూశావటయ్యా, పన్నెండు! ఎక్కడికీ పోలేదు, లండన్ వెళ్ళి కూర్చుంది” అన్నారు. నేను మధ్యలో ఒకసారి పదితో భాగించబోతే నా చేతి మీద స్కేలుతో కొట్టారు.

పన్ను తీసేసరికి అంకె సగానికి దిగిపోయింది. ప్లాటూ కనపడలేదు, అక్కగారి టికెట్టూ కనపడలేదు. అప్పుడు సూపరింటెండెంటుగారు పేజీ తిప్పారు. తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, “ఏమయ్యా, ఇక్కడ అలవెన్సులు ఉన్నాయి!” అన్నారు.

ఉన్నాయి మరి. పెళ్ళయిన మగవాడికి ఒక అలవెన్సు. పిల్లలకి తలా ఒక అలవెన్సు. మీద ఆధారపడిన బంధువుకి ఒక అలవెన్సు. ఎదురుగా పౌన్లలో అంకెలు.

“భార్య ఉన్నందుకు కూడా ఇస్తారా సార్?” అన్నాను నేను, పెళ్ళి కానివాణ్ణి గనక కొంచెం అసూయగానే.

“నాగరికత అంటే అదేనయ్యా. ఆమెతో వేగుతున్నాడని వాళ్ళు గుర్తించారు.”

అటెండర్ ముందుకొచ్చాడు. “ఇద్దరు పెండ్లాలుంటే డబుల్ ఇస్తరా సార్?”

“పుస్తకంలో రాయలేదు. అయినా నీకెందుకు, నీకు ఉతుకుడు అలవెన్సు ఉందిగా” అన్నారు సూపరింటెండెంటుగారు. ఆ సాయంత్రం దాకా మా సెక్షన్‌లో ఇంకో పని జరగలేదు.

అలవెన్సులన్నీ జీతానికి కలిపాం. నేను కూడితే ఆయన సరిచూశారు. కూడిక ఒక్క పెన్నీ కూడా తప్పలేదు. ఆ లెక్క ప్రకారం రీడరుగారి ప్లాటు వచ్చేసింది. అక్కగారి అలవెన్సుతో ఆమె టికెట్టు ఖర్చు మూడేళ్ళు తిరిగేసరికి తిరిగొచ్చి, పైన కాస్త మిగులుతోంది కూడా. తమ్ముడికి ఆమె బరువు కాదు సరికదా, లాభం.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ బంధువు ముసలితనం వల్లగానీ జబ్బు వల్లగానీ సంపాదించుకోలేని మనిషి అయి ఉండాలని పుస్తకంలో ఉంది. సూపరింటెండెంటుగారు అన్నీ కళ్ళారా చూడందే రాయరు. మర్నాడు ఆఫీసయ్యాక నన్ను వెంటబెట్టుకుని తార్నాక బయల్దేరారు.

మేం గేటు తీసేసరికి అక్కగారు బొగ్గుల బస్తా ఎత్తుకుని పెరట్లోకి వెళ్తోంది. అరవై దాటిన మనిషి. బస్తా భుజం మీదే ఉంచుకుని “తమ్ముడు లోపటున్నడు, కూసోండ్రి” అంది. సూపరింటెండెంటుగారు నా వైపు చూశారు. నేను చెట్టు వైపు చూశాను.

కాసేపటికి ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. “అమ్మా, మీ ఆరోగ్యం ఎలా ఉంటుందండీ?” అని మొదలుపెట్టారాయన.

“మంచిగున్నది సారూ. ఎందుకు?”

“అంటే, నీరసం, నొప్పులు, ఆయాసం...”

“నాకెందుకుంటయి? కుర్సీల కూసుండెటోళ్ళకు ఉంటయి గవన్ని” అని ఆయన కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

రీడరుగారు నవ్వాపుకుని అక్కకి విషయం చెప్పారు. “అక్కా, గాడి సర్కార్ నీ పేరు మీద పైసలిస్తదట. పెద్దమనిషివి, చేతకాదు అంటే.”

“నా పేరు మీదనా?” ఆమె నమ్మలేదు. “నేనేం జేసిన్నని?”

“ఏం జెయ్యకున్న ఇస్తదట. ఏడాదేడాదికి.”

ఆమె మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. హాస్యమాడటం లేదని తేల్చుకుంది. మెల్లగా గడప మీద కూర్చుని కుడి మోకాలు పట్టుకుంది. “మోకాలైతే అప్పుడప్పుడు నొస్తది. కండ్లు గూడ మసక మసక. రాసుకో సారూ.” రీడరుగారి భార్య లోపల్నుంచి గట్టిగా నవ్వడం వినపడింది. ఆ సాయంత్రం మాకు టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు అక్కగారు కుంటింది. ఖాళీ కప్పులు తీసుకెళ్ళేటప్పుడు మర్చిపోయి మామూలుగా నడిచింది.

ఆ తర్వాత రెండుమూడుసార్లు ఏవేవో కాగితాల మీద సంతకాల కోసం నేను ఆ ఇంటికి వెళ్ళాను. అక్కగారిలో ఏదో మారింది. పాలు పోసే ఆమె మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చేది. ఆమెతో గేటు దగ్గర నిలబడి “నాకు లండన్ల జీతం వెట్టిండ్రు” అని చెప్తుంటే విన్నాను. నాకు టీ ఇస్తూ తనకీ ఒక కప్పు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అది చిన్న విషయమే. కానీ అంతకుముందు ఆమె మా ఎదుట కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

రీడరుగారి భార్య ఒకరోజు గేటు దాకా వచ్చి నాతో అంది. “మా వదినె ఎప్పుడు అందరం తిన్నంక, వంటింట్ల మూలకు కూసొని, అడుగుబొడుగు తింటది. నేనెన్నిసార్లు మొత్తుకున్న ఇనలే. మొన్న మాతోని కూసొని తిన్నది. రెండోసారి కూర అడిగి ఏయించుకున్నది. ఇన్నేండ్లల్ల అడుగుడు గదే మొదలు.” చెప్తూ చెప్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను, ఇంగ్లండువాళ్ళు అంకెలు సరిగ్గా ఇస్తారు లెండి అని ఏదో అసందర్భంగా అన్నాను.

టికెట్లకి పేర్లు ఇవ్వాల్సిన సోమవారం దగ్గరపడింది. దానికి ముందు ఆదివారం సూపరింటెండెంటుగారు నన్ను లాలాపేట్‌లో వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. ఆయన అక్క కూతురు ఇంగ్లండులో నర్సు, సెలవు మీద వచ్చింది. చర్చి నుంచి రాగానే కోడికూర, పులావు. ఆ అమ్మాయి చాలా సరదా మనిషి. అక్కడ తను అద్దెకున్న గదిలో మీటరులో షిల్లింగు నాణెం వేస్తేనే గ్యాసు పొయ్యి వెలుగుతుందట, నాణేలు అయిపోతే కోటు వేసుకుని పడుకోవడమేనట. “మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లకి జీతం పెరిగిందంటే ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తారు. పెరిగిందంతా సర్‌టాక్సే పట్టుకుపోతుంది. దర్జాగా బతకొచ్చు మావయ్యా, దాచుకోవడమే కష్టం” అంది.

సూపరింటెండెంటుగారు చిద్విలాసంగా నవ్వి, లోపలికెళ్ళి రీడరుగారి లెక్క కాగితం తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టారు. “పన్ను సంగతి నాకు తెలుసమ్మా. అలవెన్సులు చూసుకోవద్దూ మరి?”

ఆమె తింటూ తింటూ చదివింది. చదువుతుండగా పొలమారింది. నీళ్ళు తాగింది. మళ్ళీ చదివి ఈసారి పడీపడీ నవ్వింది.

“మావయ్యా, ఇవి జీతానికి కలిపావేంటి?”

“అలవెన్సు కదమ్మా. కలపకపోతే?”

“అక్కడ అలవెన్సంటే ఇచ్చేది కాదు మావయ్యా. వదిలిపెట్టేది. నీకు పెళ్ళాముంది కాబట్టి నీ జీతంలో ఇంత ముక్క మీద మేం పన్ను వేయం, పిల్లలున్నారు కాబట్టి ఇంత ముక్క మీద వేయం అని చెప్పడం. ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు.”

సూపరింటెండెంటుగారి చెయ్యి పులావులోనే ఆగిపోయింది. “అయితే... కలపకూడదా?”

“కలపకూడదు. నువ్వేం బాధపడకు. నేనూ మొదటి నెల జీతం తీసుకుని, పెళ్ళికానివాళ్ళకని రాసిన నా సింగిల్ అలవెన్సు ఏదీ అని క్యాషియర్‌తో పోట్లాడాను. మన ఊళ్ళనుంచి వచ్చిన వాళ్ళందరూ మొదటి నెల ఆ పోట్లాట ఆడతారు. ఆ క్యాషియర్‌కి అలవాటైపోయింది.”

ఆయన ఇక తినలేదు. ఆ అమ్మాయి సాయంతో అక్కడే లెక్క మళ్ళీ వేశాం. అలవెన్సులు కలిపేదగ్గర కలపకుండా, పన్ను వేసే ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాని మీద పన్ను వేశాం. అక్కగారి వల్ల తగ్గే పన్ను ఏడాదికి ముప్ఫై పౌన్ల దగ్గర తేలింది. ఆమె టికెట్టుకి అది ఏ మూలకీ రాదు. అద్దె, చలిబట్టలు, బొగ్గు తీసేశాక మిగిలే దానిలో ప్లాటుకి కట్టాలి, లేదా అక్కగారిని తీసుకెళ్ళాలి. రెండూ కావు.

లాలాపేట్ నుంచి తార్నాక పెద్ద దూరమేం కాదు. ఎండలో నడిచి వెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఒక్కటే మాట. “నువ్వు చెప్పవయ్యా, ఇటువైపు వాడివి, నీది వాళ్ళ భాష.” నేనూ ఒక్కటే మాట. “పెద్దవారు, మీరే చెప్పాలి సార్.” గేటు దగ్గరికొచ్చాక ఆయన చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, చర్చిలో పాట ఎత్తుకునే ముందు చేసినట్టు గొంతు సవరించుకున్నారు.

వరండాలో అందరూ ఉన్నారు. పిల్లలు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆడుతున్నారు. అక్కగారు వాళ్ళ స్వెట్టర్లకి గుండీలు కుడుతోంది. కండ్లు మసక అన్న మనిషి సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కించింది. సూపరింటెండెంటుగారు రీడరుగారిని పక్కకి పిలిచి ఇంగ్లీషులో చెప్పారు. బాధ కలిగించే విషయాలు ఇంగ్లీషులో చెప్తే కాస్త తేలికని అప్పట్లో మా అందరి నమ్మకం. కొత్త లెక్క చేతికిచ్చారు.

రీడరుగారు దాన్ని చాలాసేపు చూశారు. ఆయన మంచివారు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. కానీ ప్లాటు కూడా ఆయన మనసులో ఎన్నో ఏళ్ళుగా ఉంది. అద్దె ఇళ్ళు మారి మారి విసిగిపోయిన మనిషి. చివరికి తల ఎత్తకుండా అన్నారు.

“అక్కా, ఒక ఏడాది ఊర్ల ఉండు. నేను గాడ జర నిలదొక్కుకున్నంక పిలిపిస్త.”

ఆ ఏడాది ఎంత పొడుగ్గా ఉంటుందో అక్కడున్న పెద్దవాళ్ళందరికీ అర్థమైంది. రీడరుగారి భార్య గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అక్కగారు గుండీ కుట్టడం ఆపలేదు.

“లెక్క తప్పిందా?” అంది.

“తప్పిందమ్మా. తప్పు మాదే” అన్నారు సూపరింటెండెంటుగారు.

“పోనీ తియ్యి. ఏం తప్పిందో నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి. ఊరికి పోయినంక అడుగుతరు.”

ఆయన ప్రయత్నించారు. మినహాయింపు అన్నారు, పన్ను విధింపదగిన ఆదాయం అన్నారు. ఆమె “గదేంది?” అంది. ఆయన దీనంగా నా వైపు చూశారు. తప్పలేదు, నేను ఆమె ముందు మెట్టు మీద కూర్చున్నాను.

“అమ్మా, తమ్మునికి జీతమొస్తది గద. దాన్ల నుంచి గాడి సర్కార్ తన పాలు తీసుకుంటది. తీసుకునే ముందుగాల అడుగుతది, ఇంట్ల ఎవరెవరున్నరని. పెండ్లామున్నది అంటే ఆమెకింత అని పక్కకు పెడుతది. పిల్లలున్నరంటే వాళ్ళకింత. అక్క ఉన్నది అంటే అక్కకింత. గవన్ని పక్కకు పెట్టినంక, మిగిలిన దాన్ల నుంచి తన పాలు కోసుకుంటది. గంతే. చేతికి పైసలియ్యది.”

ఆమె సూది ఆపింది. “నాకింత అని పక్కకు పెడుతదా?”

“పెడుతది.”

“తను తీసుకోకముందే?”

“ముందే. దాన్ని ముట్టుకోదు.”

“నేనెవరో తెల్వకనే?”

“తెల్వకనే. పేరు రాస్తె చాలు.”

ఆమె సూదిని స్వెట్టరుకి గుచ్చి పెట్టింది. ఊళ్ళో మరిది కొడుకు ఇల్లు తలుచుకుందో, వంటింటి మూల తలుచుకుందో నాకు తెలియదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. కోపం లేదు, ఏడుపు లేదు. పెరుగు తోడేశావా అని అడిగినట్టు అడిగింది.

“మరి నువ్వెన్నడన్న గట్ల ముందుగాల పక్కకు పెట్టినవార?”

ఆ ఇంట్లో ఎవరూ ఆమెకి తిండి తక్కువ చేయలేదు. బట్ట తక్కువ చేయలేదు. కానీ అన్నీ అయ్యాక మిగిలినదాంట్లోంచే ఆమెకి వచ్చేది, ఆమె కూడా అంతే చాలనుకుంది. అది ఎవరి తప్పూ అనిపించనంత మామూలైపోయింది. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న పన్నుల ఆఫీసు వచ్చి చెప్పేదాకా ఎవరికీ తోచలేదు.

రీడరుగారు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆయన భార్య గోడ దగ్గర్నుంచి కదిలి లోపలికి వెళ్ళి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి సూపరింటెండెంటుగారి ముందు పెట్టింది. మొగుడి మొహం వైపు చూడను కూడా చూడలేదు.

“రాయుండ్రి సార్” అన్నారు రీడరుగారు అప్పుడు. “ముందుగాల అక్కది పక్కకు పెట్టుండ్రి. మిగిలిన దాంట్ల మేం నలుగురం ఎట్ల బతకాల్నో తర్వాత చూద్దాం. ప్లాట్ ఉంటె ఉంటది, పోతె పోతది.”

సూపరింటెండెంటుగారు పెన్ను మూత తీశారు. “ఎంతని రాయమంటారండీ?”

“టికెట్ ఎంతయితే గంత రాయి సారూ” అంది అక్కగారు, మళ్ళీ గుండీ కుట్టుకుంటూ. “ఏం భయపడకు. నా పైసలేనాయె.”

ఆయన రాశారు. అలవాటు కొద్దీ పైన అలవెన్సు అని పెట్టి కింద గీత కూడా కొట్టారు. ఈసారి మాత్రం కలపలేదు. ముందే తీసి పక్కన పెట్టారు.